ఎండాకాలం సెలవులు, పదహారేళ్ల నడుం

జూన్‌లో బళ్లు తెరిచిన మొదటి వారం నా కళ్లు పిల్లల బెల్టుల మీదే ఉంటాయి. పీఈటీని కదా, అసెంబ్లీలో వరసలు సరిచేసేది నేనే. ఏప్రిల్లో మూడో కన్నానికి బెల్టు పెట్టుకున్నవాడు ఇప్పుడు ఊపిరి బిగబట్టి ఆఖరి కన్నానికి లాక్కుంటాడు. ఆ పక్క వరసలో ఇంకొకడు ప్యాంటు జారిపోకుండా మేకుతో కొత్త కన్నం పొడుచుకుని వస్తాడు. ఇద్దరిదీ ఒకే క్లాసు, ఇళ్లు కూడా రెండు మూడు వీధుల ఎడం. మొదటివాడు సెలవులన్నాళ్లూ ఇంట్లో ఉన్నాడు. రెండోవాడు మామిడి యార్డులో ఉన్నాడు.

మొదటివాడిని సెలవుల్లో ఏదో ఒక పనిలో పెట్టాలి. రోజుకు నాలుగైదు గంటలు, జీతం పుచ్చుకునే పనిలో. రెండోవాడి పని గంటలు కోసేయాలి, మధ్యాహ్నం వాడి కంచంలో అన్నం పడేలా చూడాలి. నా వాదన ఇంతే. "పిల్లలకు పని చెప్పండి, ఒళ్లు తగ్గుతుంది" అని ఒక్క ముక్క రాసి వదిలేసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండేది అందుకే. ఏ పిల్లాడి గురించి మాట్లాడుతున్నారో ముందు చెప్పాలి.

పిల్లలు లావెక్కుతున్నారంటే అందరూ బడి మీద పడతారు. ఆటస్థలం లేదు, డ్రిల్ పీరియడ్‌లో లెక్కల మాస్టారు వచ్చి కూర్చుంటారు, గేటు బయట చిప్స్ బండి. ఇవన్నీ నిజమే, నేనూ రోజూ తిట్టుకుంటాను. కానీ అమెరికాలో 2010లో కిండర్‌గార్టెన్‌లో చేరిన పద్దెనిమిది వేల మందికి పైగా పిల్లల్ని రెండో తరగతి అయ్యేదాకా తూచుకుంటూ వెళ్లారు. ఊబకాయం ఉన్న పిల్లలు 8.9 శాతం నుంచి 11.5 శాతానికి పెరిగారు. ఆ పెరుగుదల అంతా రెండు వేసవి సెలవుల్లోనే వచ్చింది, బడి నడిచిన నెలల్లో కాదు. 2016లో ఈ లెక్కలు బయటికొచ్చాయి. మరుసటి ఏడు సౌత్ కరోలినా యూనివర్సిటీ పరిశోధకులు దీనికి కారణం ఇదై ఉండొచ్చని ఒక ప్రతిపాదన పెట్టారు: బడి రోజుకు ఒక కట్టుబాటు ఉంటుంది. ఇన్నింటికి లేవాలి, ఇన్నింటికి తినాలి, ఈ గంటలు ఫోను ఉండదు, ఈ గంట ఎటూ పరిగెత్తక తప్పదు. సెలవు రోజుకు ఆ కట్టుబాటు లేదు. అందుకే నిద్ర, తిండి, టీవీ మూడూ ఒకేసారి పట్టు తప్పుతాయి.

అక్కడి చిన్నపిల్లల లెక్క మన పదహారేళ్లవాళ్లకు అచ్చుగుద్దినట్టు సరిపోతుందని నేననను. పైగా అక్కడ వేసవి అంటే పిల్లలు బయటపడే కాలం. మన దగ్గర మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో 45 డిగ్రీలు కాస్తుంటే పిల్లాడిని బయటికెళ్లి ఆడుకోమనే తల్లి ఉంటుందా? తలుపులు మూసి, కూలర్ వేసి, "కదలకుండా పడుండు నాయనా" అంటుంది. అనాలి కూడా. అంటే కట్టుబాటు లేకపోవడానికి తోడు మనకు గృహనిర్బంధం.

మన లెక్కలు కూడా ఒకసారి చూడండి. 2016–18లో కేంద్రం చేయించిన పోషకాహార సర్వేలో దేశం మొత్తం మీద 10 నుంచి 19 ఏళ్లవాళ్లలో అధిక బరువు ఉన్నవాళ్లు 5 శాతం. ఉండాల్సినదానికన్నా బక్కగా ఉన్నవాళ్లు 24 శాతం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ పెద్దవాళ్ల సంగతి చూస్తే అధిక బరువు ఆడవాళ్లలో 36 శాతం, మగవాళ్లలో 31 శాతం. సర్వేలు వేరు, ప్రాంతాలు వేరు, ఒకదాని పక్కన ఒకటి పెట్టి తీసివేత చేయకూడదు. అయినా పదిహేనేళ్ల బక్క పిల్లలు ముప్ఫై ఐదేళ్లకు పొట్టలేసుకుని కనబడుతున్న ఊళ్లో ఉంటున్నాను కాబట్టి, మధ్యలో ఎక్కడో ఒక మెట్టు ఉందని నా అనుమానం. ఆ మెట్టు ఇంటర్మీడియట్ అని నా గట్టి అనుమానం. పదో తరగతి దాకా నా దగ్గర కబడ్డీ ఆడినవాడు రెండేళ్లు పొద్దున్నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లలో కుర్చీకి అతుక్కుపోతాడు. వేసవిలో ఇంటికొస్తే "హాస్టల్ తిండికి బిడ్డ చిక్కిపోయాడు" అని ఇంటిల్లిపాదీ వాడిని మేపుతారు.

మా అక్క కొడుకు సంగతి అదే. ఉండేది విజయవాడ, ఇంటర్ మొదటి ఏడాది అయింది. సెలవుల్లో వాడి రోజు ఎలా నడిచేదంటే, పదకొండింటికి లేవడం, పదకొండున్నరకు ఉప్మా పెసరట్టు, మూడింటికి భోజనం, ఐదింటికి ఏదో ఒకటి వేయించి పెట్టడం. ఏడున్నరకు ఐపీఎల్ మొదలైతే పక్కన చిప్స్ ప్యాకెట్, కూల్‌డ్రింకు. మ్యాచ్ అయ్యేసరికి పదకొండున్నర, అప్పుడు మళ్లీ అన్నం. ఆ తర్వాత ఫోను, ఎప్పటిదాకానో దేవుడికెరుక. ఆ వయసుకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి. వాడు ఆ పది గంటలూ పోతున్నాడు, కాకపోతే సూర్యుడితో సంబంధం లేకుండా.

వన్‌టౌన్‌లో నా స్నేహితుడికి బట్టల షాపుంది. మే నెల ముహూర్తాల రోజుల్లో వాళ్లకు చేతులు చాలవు. మా వాడిని అందులో పెట్టించాను. పొద్దున పదింటి నుంచి మూడింటి దాకా, మధ్యలో గంట భోజనానికి. అక్క మూతి ముడుచుకుంది. బావగారు "చదువుకునే పిల్లాడికి చీరలు మడతబెట్టే ఖర్మేంటయ్యా" అన్నారు. ఆ మాటకు కింద జవాబు చెబుతాను.

బట్టల షాపులో కుర్రాడి పని చూసినవాళ్లకు తెలుస్తుంది. పెళ్లికూతురి తరఫు వాళ్లు ఏడుగురు వచ్చి పరుపు మీద కూర్చుంటారు. సేల్స్‌మన్ అడిగిన వరసలోంచి వీడు నిచ్చెనెక్కి కట్ట దించాలి. అది కాదంటారు, మళ్లీ ఎక్కాలి. పైన గోడౌన్‌కి రెండంతస్తులు మెట్లెక్కి డిజైన్ నంబరు వెతికి తేవాలి. వాళ్లు వెళ్లాక పరుపు మీద కొండలా పడున్న చీరల్ని మడత చెడకుండా మడిచి, మళ్లీ ఎక్కడివక్కడ సర్దాలి. కూర్చునే సందు లేదు. చేతిలో ఫోను కనబడితే ఓనరు చూసే చూపు నా విజిల్ కన్నా బాగా పనిచేస్తుంది. మొదట్లో వాడు "మావయ్యా, కాళ్లు పీకుతున్నాయి" అని రాత్రి ఫోన్ చేసేవాడు. "పీకనీరా, అలవాటవుద్ది" అనేవాడిని. కొన్నాళ్లకు అక్క ఫోన్ చేసింది. "ఏరా తమ్ముడూ, వీడు ఎనిమిదింటికే లేచి ఇడ్లీ పెట్టమంటున్నాడ్రా" అంది. వాడి ఆకలి గడియారంలోకి వచ్చిందన్నమాట.

వాడు సన్నబడ్డాడా అని అడుగుతారు కదా. లేదు. బరువు దాదాపు అంతే ఉంది. ఎత్తు పెరిగాడు. ఆ వయసులో కావలసింది అదే. ఎదిగే పిల్లల బరువును పెద్దవాళ్ల బరువులా చూడకూడదు. వయసుకూ ఎత్తుకూ తగ్గట్టు చూసే చార్టులు వేరే ఉన్నాయి, పిల్లల డాక్టర్ల సంఘం 2015లో మన పిల్లల కోసమే వేసింది. ఎత్తు పెరుగుతూ బరువు నిలబడితే చాలు, ఆ చార్టులో పిల్లాడు తనంతట తనే కిందికి దిగుతాడు. సెలవుల్లో డైటింగ్ పేరుతో అన్నం మాన్పించే తల్లిదండ్రులు ఈ ముక్క గుర్తు పెట్టుకోవాలి.

ఇక్కడ కొంచెం లెక్క చేద్దాం, ఎందుకంటే పని మంత్రదండం అని చెబితే అబద్ధమవుతుంది. అరవై కిలోల కుర్రాడు కూర్చుని టీవీ చూస్తే గంటకు సుమారు 80 క్యాలరీలు ఖర్చవుతాయి. షాపులో నిలబడి, అటూ ఇటూ తిరుగుతూ, ఎత్తుతూ దించుతూ ఉంటే 150 నుంచి 180. నాలుగు గంటలకు తేడా 300 నుంచి 400. ఆరు వారాలు, వారానికో సెలవు తీసేసి చూసుకుంటే, కాగితం మీద అదంతా ఒకటిన్నర కిలోల కొవ్వు. కాగితం మీద మాత్రమే. ఎందుకంటే షాపు బయట సమోసాల బండి ఉంటుంది. రెండు సమోసాలు, ఒక కూల్‌డ్రింకు కొడితే ఆ పూట లెక్క సరి, పైగా బాకీ. పని చేశాను కదా అని ఒళ్లు కూడా నాలుగు ముద్దలు ఎక్కువ అడుగుతుంది. అందుకే పనిలో కరిగే క్యాలరీల మీద నాకు పెద్ద ఆశ లేదు. ఆ ఐదు గంటలు పిల్లాడు వంటింటికీ సోఫాకీ దూరంగా ఉండటం, దానివల్ల పొద్దున లేవాల్సి రావడం, లేవాలంటే రాత్రి పడుకోవాల్సి రావడం, నా ఆశంతా ఈ గొలుసు మీదే.

ఈ గొలుసు తెగే పనులు కూడా ఉన్నాయి. వాటిలో మొదటిది క్యాటరింగ్. మన ఇంటర్ కుర్రాళ్లు వేసవిలో ఎక్కువగా ఎగబడేది దీనికే. ఫంక్షన్‌కి ఇంత అని చేతిలో పెడతారు, ఇంట్లో చెప్పక్కర్లేదు, పదిమంది స్నేహితులు కలిసి వెళ్లొచ్చు. పని కష్టమైనదే. బకెట్లు మోయడం, బంతి తర్వాత బంతి వడ్డించడం, వంగడం లేవడం. కానీ ఆ పని రాత్రిపూట. వడ్డించేవాళ్లు తినేది అందరూ వెళ్లాక, పదకొండున్నరకు, పన్నెండుకు. అప్పుడు మిగిలేది ఏంటో అందరికీ తెలుసు. అడుగున నెయ్యి తేలుతున్న బిర్యానీ, గడ్డకట్టిన డబుల్ కా మీఠా, సగం తెరిచిన కూల్‌డ్రింకు సీసాలు. కూరలూ పెరుగూ ముందే అయిపోతాయి. ఒంటిగంటకు ఇంటికొచ్చి మధ్యాహ్నం దాకా నిద్ర. సీజన్ అంతా ఇలా తిరిగినవాడు జేబు నిండా డబ్బుతో, కళ్ల కింద నల్లటి చారలతో, కొత్త పొట్టతో వస్తాడు. బేకరీ కౌంటరు, ఐస్‌క్రీమ్ పార్లరు, కుర్చీలో కూర్చుని ఫోన్లెత్తే పని, ఇవి కూడా ఆ బాపతే. పని అన్న పేరుంటే సరిపోదు, ఎప్పుడు, ఎలా, ఏ తిండి పక్కన అన్నది చూడాలి.

మధ్యలో ఒక మాట. వేసవిలో ఒళ్లొస్తే నెపం మామిడిపండు మీద వేయడం మన ఇళ్లలో ఆనవాయితీ. పెద్ద బంగినపల్లి ఒకటి మొత్తం లాగించినా రెండొందల క్యాలరీలు దాటడం కష్టం. పండు తిననివ్వండి. దాన్ని పాలు, పంచదార, ఐస్‌క్రీముతో మిక్సీలో వేసి గ్లాసులో పోసివ్వడం ఆపండి.

"పని ఎందుకండీ, సమ్మర్ కోచింగ్ క్యాంపుకి పంపుతాం" అంటారు కొందరు. నా సొంత సరుకును నేనే తక్కువ చేసినట్టవుతుంది గానీ, నిజం చెబుతా. క్యాంపుకి వచ్చేవాళ్లు అప్పటికే ఆటగాళ్లు. పొద్దున ఆరింటికి గ్రౌండ్‌కి వచ్చేవాడికి నా అవసరం లేదు. ఎవడికి అవసరమో వాడు ఆటలో ఓడిపోతానని, నలుగురు నవ్వుతారని గ్రౌండ్ ఛాయలకే రాడు. లావుగా ఉన్న పిల్లాడికి ఆటస్థలం అవమానాల చోటు. షాపులో అలా కాదు. అక్కడ వాడి ఒళ్లు ఎవరికీ పట్టదు, చెప్పిన కట్ట దించాడా లేదా అన్నదే లెక్క. నెలాఖరుకు చేతిలో డబ్బు పెడతారు. ఆ డబ్బు నేనిచ్చే మెడల్ కన్నా వాడికి ఎక్కువ నిటారు నడక నేర్పుతుంది.

ఇప్పుడు బావగారి ప్రశ్న. చదువుకునే పిల్లాడికి ఈ ఖర్మేంటని. సెకండియర్ సిలబస్ ముందే మొదలుపెట్టే బ్రిడ్జి కోర్సు, ఆ తర్వాత ఈఏపీసెట్ ర్యాంకు, ఇవేగా ఆయన దిగులు. మధ్యాహ్నం మూడింటికి ఇంటికొచ్చిన పిల్లాడికి ఇంకా ఆరేడు గంటలు మిగిలి ఉంటాయి. పదకొండింటికి లేచినవాడు ఆ ఆరేడు గంటలు పుస్తకం పట్టిన దాఖలా నేను చూడలేదు. అసలు అడ్డం చదువు కాదు, పరువు. అదే బావగారి చెల్లెలి కొడుకు డల్లాస్ దగ్గర స్విమ్మింగ్ పూల్‌లో లైఫ్‌గార్డుగా వేసవంతా పనిచేస్తే ఆ ఫొటో ఫ్యామిలీ గ్రూపులో పెట్టి "ఎంత క్రమశిక్షణో" అని మురిసిపోయారు. అక్కడ గంటకింత అని తీసుకుంటే క్రమశిక్షణ, వన్‌టౌన్‌లో తీసుకుంటే ఖర్మ. దీనికి నా దగ్గర వాదన లేదు, నవ్వు తప్ప.

చట్టం కూడా చూసుకోవాలి, చాలామందికి తెలియదు. పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని పనిలో పెట్టుకోకూడదు. సెలవుల్లో సొంత కుటుంబం వ్యాపారంలో, ప్రమాదం లేని పనిలో చేయూతనివ్వడానికి మాత్రం మినహాయింపు ఉంది. 14 నుంచి 18 మధ్యవాళ్లను గనులు, పేలుడు పదార్థాలు, ప్రమాదకర ప్రక్రియలు ఉన్నచోట పెట్టకూడదని 2016 సవరణ చెబుతుంది. మిగతా చోట్ల కూడా ఏకబిగిన మూడు గంటలు మించి చేయించకూడదు, తర్వాత గంట విరామం ఇవ్వాలి, విరామంతో కలిపి రోజుకు ఆరు గంటలు దాటకూడదు, రాత్రి ఏడు నుంచి పొద్దున ఎనిమిది మధ్య అసలు పనే ఉండకూడదు, వారానికో రోజు సెలవు ఉండాలి. బట్టల షాపు పని ఇందులో ఒదుగుతుంది. రాత్రి క్యాటరింగ్ ఒదగదు. తెల్లవారుజామున పాలు, పేపర్లు వేయడం కూడా ఒదగదు, అది ఎంత ఆరోగ్యకరంగా కనబడినా సరే.

మామిడి యార్డు పని అసలే ఒదగదు. ఇక్కడికి రావాలనే ఇంత దూరం రాశాను.

మాది నూజివీడు వైపు. ఏప్రిల్, మే వచ్చాయంటే తోటలు, యార్డులు, విజయవాడ దగ్గరి నున్న ఊళ్లోని మామిడి మార్కెట్‌కి వెళ్లే లారీలు తప్ప ఇంకో ప్రపంచం ఉండదు. తొమ్మిది పాసై పదిలోకి రావాల్సిన కుర్రాడొకడు చీకటితోనే కోత మనుషులతో తోటకెళ్తాడు. చిక్కం కర్రతో కాయ దించేది పెద్దవాళ్లు, కింద అందుకుని ట్రేల్లో పేర్చేది వీడు. తొడిమ తెగినచోట చిమ్మే సొన ముంజేతుల మీద పడి కాలినట్టు మచ్చలు కడుతుంది. పదింటికి యార్డుకొస్తారు. అక్కడ రేకుల కింద సైజుల వారీగా ఏరడం, ట్రేలు కాటా మీదికెత్తడం, లారీకి ఎక్కించడం. చీకటి పడేదాకా ఇదే. ఇంటి నుంచి తెచ్చుకున్న క్యారేజీ తొమ్మిదింటికే అయిపోతుంది. ఆ తర్వాత టీ, బన్ను, మళ్లీ టీ. పక్కనే టన్నుల కొద్దీ కాయలుంటాయి గానీ పచ్చికాయ ఎన్ని ముక్కలు తినగలడు? రాత్రి ఎనిమిదింటికి అన్నం ముందు కూర్చుంటే నిద్ర తూగుతుంది.

ఎత్తు ఒక్కసారిగా సాగే వయసది. ఎముకకూ కండకూ సరుకు కావాల్సినప్పుడు ఒంట్లో ఉన్నదే ఖర్చవుతోంది. పైగా బడి నడిచిన రోజుల్లో వాడికి మధ్యాహ్నం వేడన్నం ఉండేది. మా రాష్ట్రంలో బడి భోజనంలో వారానికి ఐదు రోజులు గుడ్డు, మూడు రోజులు పల్లీ చిక్కీ, మిగతా మూడు రోజులు రాగి జావ. వాడి ఇంట్లో గుడ్డు ఆదివారం మాట. రోజంతా బరువులు మోసే నెలల్లోనే ఆ కంచం ఆగిపోతుంది. గుంటూరు వైపు మిరపకాయల తొడిమలు తీసే ఆడపిల్లలదీ ఇదే బాధ, కాకపోతే వాళ్లు ఘాటులో కూర్చుని చేస్తారు. జూన్‌లో వీళ్లను చూసి "ఎండకు ఆరోగ్యంగా చిక్కారు" అనేవాళ్లు కూడా ఉన్నారు.

పోయిన సీజన్‌లో ఆ యార్డు కమీషన్ వ్యాపారి దగ్గరికెళ్లి మాట్లాడాను. మర్యాదగానే కూర్చోబెట్టాడు. "మాస్టారూ, నేను రమ్మన్నానా? వాడు రాకపోతే ఇంకొకడొస్తాడు. సీజనే రెండు నెలలు" అన్నాడు. చట్టం మాట ఎత్తితే నవ్వాడు. చివరికి మధ్యాహ్నం గంట విరామానికి ఒప్పుకున్నాడు, మూడింటికి పంపేయడానికి ఒప్పుకోలేదు. పంపితే అరపూట కూలీయే అన్నాడు. పిల్లాడిని అడిగితే, "అరకూలీ అయితే అమ్మ ఒప్పుకోదు సార్. అక్క ఫీజు కట్టాలి" అన్నాడు. వాడికి పని గంటల నీతులు చెప్పే మొహం నాకు లేదు. కూలీ తేడా పూడ్చే దారి కూడా ఈ పూటకు నాకు కనబడటం లేదు.

కనబడేది కంచం ఒక్కటే. కరువు ప్రాంతాల్లో వేసవి సెలవుల్లో కూడా మధ్యాహ్న భోజనం పెట్టాలని సుప్రీంకోర్టు 2004లోనే చెప్పింది. మా మండలం కరువు మండలం కాకపోవచ్చు. కానీ బళ్లో వంటగది ఉంది, గిన్నెలున్నాయి, సెలవుల్లో ఆదాయం లేక కూలికి పోయే వంట ఏజెన్సీ అక్కలున్నారు. యార్డు నుంచి సైకిల్ మీద పది నిమిషాలు. దొరికిన ఆ గంట విరామంలో వచ్చి గుడ్డుతో అన్నం తిని వెళ్లొచ్చు. ఈసారి మార్చిలో స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ మీటింగులో ఇదే పెట్టబోతున్నాను. పై నుంచి అనుమతి రాకపోతే దాతల్ని అడగాలి, మామిడి వ్యాపారులతో సహా. "సెలవుల్లో ఆ బియ్యం లెక్క ఎవరు రాస్తారండీ" అని హెడ్మాస్టరు గారు అంటారని ఇప్పుడే తెలుసు. రిజిస్టరు నేను రాస్తానని చెబుతాను.